ఒక్పోటి కూనిరాగం

సామాన్ల పుస్తకంలో రెండు రికార్డర్లకూ సంతకం నాది. రెండు జతల హెడ్‌ఫోన్లు, మూడు తీగలేని కాలరు మైకులు, పొడుగాటి మైకు కర్ర, అన్నిటి కిందా నా పేరే. ఫిల్మ్ స్కూల్లో నేను విద్యార్థిని కాను. సామాన్ల గదికి కాపలావాణ్ణి. పిల్లలు పారేసిన పుస్తకాలు ఏరుకుని చదివి శబ్దం పని నేర్చుకున్నాను. చదువుకున్నవాడైతే డబ్బు ఎక్కువ అడుగుతాడని, వాళ్ల డాక్యుమెంటరీకి సౌండు నన్నే చూడమన్నారు. ఏది పోయినా పోయేది నా ఉద్యోగం, వాళ్ల మార్కులు కాదు.

మైకు కర్ర పట్టుకోడానికి ఒక్పోటిని తెచ్చింది డైరెక్టరు అయోర్‌కోర్. ఫిల్మ్ స్కూల్లో మూడో ఏడు చదువుతున్న పిల్ల. “రేవులో అందరికీ తెలిసినవాడు, చేతుల్లో బలముంది” అంది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఇరవై ఏళ్లుగా సొంత మైకు ఉన్నవాడు ఇంకొకరి కర్ర ఎందుకు మోస్తాడు?

మా అక్రా రేవు వెనక సందులో అతని మైకు కేంద్రం ఉంది. ఇనుప స్తంభానికి నాలుగు లౌడ్‌స్పీకరు గొట్టాలు, కింద రేకుల గది. ఎవరు పోయారో, ఎవరి పిల్ల తప్పిపోయిందో, ఏ పడవకు చేపలు పడ్డాయో ఊరికి చెప్పేది అతనే. ఇంటివాళ్లు వచ్చి పోయినవాళ్ల పేరు చెప్పి వెళ్తారు. తాతముత్తాతల పేర్లతో సహా ఒక్క అక్షరం తప్పకుండా అతను వినిపిస్తాడు. దాని మీదే అతని బతుకు. ఊరి పండగకు ముందు మొక్కజొన్న విత్తాక ముప్పై రోజులు ఊళ్లో చప్పుడు చేయకూడదు గనుక ఆ గొట్టాలకు గోనెసంచులు కట్టేస్తాడు. డప్పు మోగినా, మైకు మోగినా ఊరి పెద్దల మనుషులొచ్చి సామాను ఎత్తుకుపోతారు. శబ్దం పట్టేవాళ్లకు అంతకంటే మంచి నెల దొరకదని మేం ఆ నెలనే ఎంచుకున్నాం. అందులోనూ మంగళవారాలు. ఆ రోజు సముద్రానికి సెలవు. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, జాలర్లంతా వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు.

ఒక్పోటి హెడ్‌ఫోన్లు నెత్తిమీంచి తీసేవాడు కాదు. సౌండు చివరికంటా తిప్పి పెట్టుకునేవాడు.

“అన్నా, తగ్గించు, కాలిపోతాయి” అంటే నవ్వేవాడు. చేతిమీద కొట్టి నేనే తగ్గించాల్సి వచ్చేది. నేనటు తిరగ్గానే మళ్లీ తిప్పేవాడు.

ఎక్కడ చిత్రీకరణ ముగిసినా అందరం ఒక నిమిషం కదలకుండా నిలబడి ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తాం. తర్వాత మాటల మధ్య అతుకులు వేయడానికి అది కావాలి. ఒక్పోటి హెడ్‌ఫోన్ల చప్పుడు బయటికి వస్తుంది గనుక ఆ నిమిషం మాత్రం తీయించేవాణ్ణి. మొదటి మంగళవారమే ఆ నిశ్శబ్దంలో సన్నగా కూనిరాగం వినిపించింది. రెండోసారీ అంతే.

“ఒక్పోటన్నా, పాడుతున్నది నువ్వేనా?”

“నేనా? ఈ నెల్లో పాడతానా తమ్ముడూ? నీ మిషనుకు దయ్యం పట్టింది.”

వల కుడుతున్న ముసలి లార్యే తలెత్తాడు. మా సినిమా అతని గురించే. “దయ్యం మిషనుకు కాదురా, నీ గొంతుకు. నీ పెళ్లిలో పాస్టరు ప్రార్థన చేస్తుంటే కూడా పాడావు కదరా!”

అందరూ నవ్వారు. నేను హెడ్‌ఫోన్లు ఒక్పోటికిచ్చి ఆ నిమిషం వినిపించాను. విన్నాడు. మొహంలో నవ్వు పోయింది. కర్ర తుడవడం మొదలుపెట్టాడు. దొరికిపోయినవాడి మొహం అలాగే ఉంటుందనుకున్నాను.

మూడో మంగళవారం పెద్దల మనుషులు ఇద్దరు వచ్చారు. “ఇక్కడ పాటలు పాడిస్తున్నారట?” అంటూ రికార్డర్ చుట్టూ తిరిగారు. అయోర్‌కోర్ మోకాళ్ల మీద కూర్చుని బతిమాలితే వెళ్లారు.

“సామాను పట్టించాలని వాళ్లకు చెప్పింది ఒక్పోటే” అన్నాను.

“వాళ్లకు మాత్రం చెవుల్లేవా? దారినపోతూ వినుంటారు” అన్నాడు లార్యే.

“మధ్యాహ్నం తిండి వేళ రెండో రికార్డరు, మైకు, హెడ్‌ఫోన్లు పట్టుకుని ఎక్కడికి పోతున్నాడు మరి? ప్రతి మంగళవారం పోతున్నాడు.”

“పుస్తకాల పురుగువి నువ్వు. నీకందరూ దొంగల్లాగే కనిపిస్తారు” అంది అయోర్‌కోర్.

“దొంగలుంటే కనిపిస్తారు.”

పొద్దున పరీక్ష కోసం ఒక్పోటి కాలరుకు పెట్టిన మైకు ఆ మధ్యాహ్నం నేను తీయలేదు. అది తన కాలరుకుందన్న సంగతే మర్చిపోయి వెళ్లాడు. నాకు సాక్షులు కావాలి. నా దగ్గరున్న రికార్డరుకు చిన్న స్పీకరు తగిలించి, సౌండు తగ్గించి, పడవ నీడలో పెట్టాను. అయోర్‌కోర్, లార్యే, ఇంకో ఇద్దరు జాలర్లు వేయించిన చేపతో మొక్కజొన్న పిండి కెంకే ముద్దలు తింటూ చుట్టూ కూర్చున్నారు.

ముందు కట్టెలు చిటపటలాడాయి. తర్వాత ఆడగొంతు. ఒక్పోటి భార్య అమెర్లే. పడవల వెనకే చేపలకు పొగబెడుతుంది.

“ఇప్పుడు వినిపిస్తోందా?”

“ఆఁ. ఆ మైకు నోటి దగ్గర పెట్టుకో. మామూలుగా చెప్పు.”

“ఏం చెప్పను? చిన్నదానికి దగ్గు తగ్గలేదు. ఆ కట్టెల వెధవ ఇవాళ కూడా పచ్చికట్టెలే ఇచ్చాడు.”

“ఇంకా చెప్పవే. మూడేళ్లుగా నీ పెదాలే చూస్తున్నా. గొంతు ఇంత బొంగురుపోయిందేంటి?”

“పొగ మింగితే పోదూ? అరవకు, అందరూ వింటారు.”

“నా కూనిరాగమే నాకు తెలీలేదు, అరుపు తెలుస్తుందా? వాళ్లు వింటే అయిపోయినట్టే. ఆ గొట్టాల కింద ఇరవై ఏళ్లు కూర్చుని చెవులు పోగొట్టుకున్నానని తెలిస్తే, తమవాళ్ల చావు నాకెవరప్పజెప్తారే?”

“పక్కనుండి విని పేర్లు రాసిచ్చేది నేనేగా. ఎవరికీ తెలీదులే.”

ఆపేయాల్సింది. చెయ్యి స్పీకరు దాకా వెళ్లింది. కానీ దొంగతనం ఇంకా బయటపడలేదని, ఇప్పుడు పడుతుందని, ఇంకాసేపు ఉంచాను. అతను మాత్రం తన కూతురి దగ్గు గురించే మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

లార్యే చేతిలో ముద్ద అలాగే ఉంది. “పోయినేడు మా తమ్ముడి పేరు చెవిలో చెప్పి ఏడ్చాను. వినకుండానే భుజం తట్టాడన్నమాట” అని లేచి వెళ్లిపోయాడు. ఆ జాలర్లిద్దరూ లేచారు. రేవులో మాట సందు చివరికి చేరడానికి గొట్టాలు అక్కర్లేదు.

ఒక్పోటి తిరిగొచ్చాడు. హెడ్‌ఫోన్ల తీగను మెలిక పడకుండా చుట్టాడు. నేనెప్పుడూ అంత శుభ్రంగా చుట్టలేదు. మా మొహాలు ఒక్కొక్కటీ చూశాడు. మొహాలు చదవడం అతనికి బాగా వచ్చని అప్పుడు అర్థమైంది. స్పీకరు వైపు చూశాడు. చెయ్యి కాలరు దగ్గరికి వెళ్లింది.

“తమ్ముడూ, ఇది పనిచేస్తూనే ఉందా?”

నేను స్పీకరు ఆపేశాను.

“సామాను సరిచూసుకో” అని మైకు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అన్నీ ఉన్నాయి.

నిషేధం ఎత్తేసిన రోజు రేవంతా డప్పులు మోగాయి. చావు కబుర్లు రెండు సందుల అవతలి కేంద్రానికి వెళ్లాయి. ఒక్పోటి గొట్టాలకు గోనెసంచులు అలాగే ఉన్నాయి. అమెర్లే ఇప్పుడు నా వైపు చూడదు.

మా సినిమాకు శబ్దం అతికేటప్పుడు ఫిల్మ్ స్కూలు మాస్టారు ఆపారు. “ఈ నిశ్శబ్దం నిండా ఈ మూలుగేంటి? ఎవరది?”

అయోర్‌కోర్ నా వైపు చూసింది. సామాన్ల పుస్తకం తీసి, రికార్డర్ ఎదురుగా “యంత్రంలో లోపం, నా అజాగ్రత్త వల్ల” అని రాసి సంతకం పెట్టాను.