దండ వేయించుకునే ముఖం

మా వీధి చివరి ఇంటావిడ ముప్పై ఏళ్ళు సినిమాల్లో జనంలో నిలబడింది. పెళ్ళి సీనులో అక్షింతలు వేసేవాళ్ళలో ఒకతె, చావు సీనులో కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళలో ఒకతె. ఒక్కనాడూ కెమెరా ఆమె దగ్గరకు రాలేదు. పోయిన వానాకాలం ఆమె పోయాక మాత్రం క్లోజప్పు దొరికింది. పదకొండో రోజున వెళ్ళి చూద్దును కదా, గులాబీల దండ మధ్యనుంచి నలభై ఏళ్ళ బుగ్గలావిడ ఎవరో నవ్వుతోంది. చెంప మీది మశూచి మచ్చలు మాయం. ఎత్తుపళ్ళు బుద్ధిగా లోపలికి సర్దుకున్నాయి.

"ఎట్లుంది పెద్దమ్మా ఫోటో? నా ఫోన్లనే చేసిన. నిమిషంల అయిపోయింది" అన్నాడు కొడుకు.

"బాగుంది నాయనా. మీ అమ్మ ఫోటో ఎప్పుడు పెడతావు?"

"ఇదే గద అమ్మ!"

"అలాగా. ఎవరో ఏమోనని దండం పెట్టకుండా ఆగాను."

పెద్దవాళ్ళ పరాచికం అనుకుని నవ్వాడు. నేను పరాచికాలాడే మనిషిని కాను.

కళాకారులకు ప్రేరణ వెన్నెట్లోనూ సముద్రపుటొడ్డునా దొరుకుతుందంటారు. నాకు ఆ పదకొండో రోజు భోజనాల్లో, వంకాయ కూర వడ్డిస్తుండగా దొరికింది. మా ఇంట్లోనూ ఫోన్లున్నాయి. మనవరాలు ఒకసారి నన్ను అందులో మహారాణిని చేసి చూపించింది. కిరీటం సంగతి సరే, మెడ మీది ముడతలేవి? వీళ్ళ చేతికి వదిలేస్తే నా పదకొండో రోజున వచ్చినవాళ్ళు ముక్కూ మొహం తెలియని మనిషికెవరికో పూలు వేసి, తిని, చేతులు కడుక్కుని పోతారు. నా పూలు నాకే పడాలి. అంచేత నా బొమ్మ నేనే వేసుకుందామనుకున్నాను.

వేయడం రాక కాదు. మా ఆయన సినిమా బ్యానర్లు రాసేవారు. శ్రీనగర్ కాలనీలో ఖాళీ స్థలంలో వెదుళ్ళు పాతి షెడ్డు వేసుకున్నాం. ఫోటో మీద చిన్న గళ్ళు, గుడ్డ మీద పెద్ద గళ్ళు కొట్టి, ఈ గడిలో ఉన్నది ఆ గడిలోకి దించడమే పని. ఐదో తరగతి చదువుకు అంతకన్నా తెలివి అక్కర్లేదు. మొదట్లో ముఖాలు ఆయన రాసేవారు, చీరలు నేను. పోనుపోను ముఖాలూ నాకే వచ్చాయి. సంతకం మాత్రం పాపం ఆయనే శ్రమపడి చేసేవారు. తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి, మా కుంచెలు అటకెక్కాయి. ఇరవై ఏళ్ళ పైమాట అది. ఈ మధ్యలో నేను గీసిందల్లా వాకిట్లో ముగ్గు, అదీ పిండి ఎక్కువ పట్టని రకం.

పాత క్యాలెండరు కాగితం వెనకవైపు తెల్లగానే ఉంటుంది కదా, అది తీశాను. మనవరాలు పొట్టివయ్యాయని పారేసిన పెన్సిళ్ళు ఏరిపెట్టినవి ఉన్నాయి. వాష్‌బేసిన్ మీది అద్దానికి అరిగిన సబ్బు ముక్కతో గళ్ళు కొట్టాను. తల కాస్త కదిలిందా, ముక్కు పక్క గడిలోకి వలస పోతుంది. అంచేత గడ్డం కుళాయికి ఆనించి, ఒక కన్ను మూసి నిలబడ్డాను. అంతలో కోడలు వచ్చింది. జూబ్లీహిల్స్‌లో ఆవిడ ఆఫీసు. పొద్దున పూట ఎప్పుడూ కంగారే.

"అత్తయ్యా, అద్దం మీద ఈ గీతలేంటండీ?"

"నా బొమ్మ వేసుకుంటున్నా."

"బాగానే ఉంది. నేను బొట్టెక్కడ పెట్టుకోను?"

"పైనుంచి మూడో గడిలో పెట్టుకో. వంకర పోదు."

నాలుగు రోజులకు బొమ్మ పూర్తయింది. మనవరాలికి చూపించాను. అది చాలాసేపు చూసింది.

"ఎవరు నానమ్మా ఈవిడ? మీ చెల్లెలా?"

"నాకు చెల్లెళ్ళు లేరు."

"మరి ఎవరు?"

ఎవరో నాకూ తెలియలేదు. మర్నాడు కాగితాన్ని అద్దం పక్కన పెట్టి ఒక్కో గడీ సరిచూశాను. కళ్ళ కింది గళ్ళు రెండూ ఖాళీ. నోటి పక్క గడి ఖాళీ. మెడ మీది వరుసంతా నున్నగా, పాలిష్ బండలా ఉంది. అప్పుడర్థమైంది. మా షెడ్డులో దీన్ని గడి మింగడం అనేవాళ్ళం. హీరోకి యాభై దాటినా గుడ్డ మీద పాతిక దాటకూడదు. అంచేత సంచులూ ముడతలూ ఉన్న గడి వస్తే ఏమీ దించకుండా నున్నగా రంగు పూసి పక్క గడిలోకి పోవాలి. ఎంత నున్నగా మింగితే అంత పనిమంతురాలివి. ఇరవై ఏళ్ళు పని మానేసినా నా చెయ్యి ఆకలి మర్చిపోలేదు. అడగకుండానే నా గళ్ళు అదే మింగింది.

పదకొండో రోజునుంచీ ఫోన్లను తిడుతున్న నోరు ఆ పూటకు మూతపడింది. ఆ కుర్రాడు నిమిషంలో చేసిన పని నేను ఏళ్ళ తరబడి నిచ్చెనెక్కి, నడుం పడిపోయేలా చేశాను. పైగా అతడు వాళ్ళమ్మ ముఖం ఒక్కటే మింగాడు. నేను ఎందరి ముఖాలో మింగి ఊరందరికీ చూపించాను.

మరో క్యాలెండరు కాగితం తీశాను. ఈసారి మింగబుద్ధయిన గళ్ళే ముందు వేశాను. కళ్ళ కింది సంచులు వేశాను. మూతి బిగించీ బిగించీ పడిన గీత వేశాను. కనుబొమల నడుమ నిలువుగా రెండు చారలున్నాయి, ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే అవి ఇంకా లోతవుతాయి. వాటికి పెన్సిలు నొక్కిపట్టి రెండుసార్లు దిద్దాను. అందం సంగతి అడగొద్దు. ముగ్గురు ఆడపడుచులూ నాకు వెనకాల పెట్టిన పేరు ఆ కాగితం మీద చదువుకోవచ్చు.

సాయంత్రం దాన్ని భోజనాల బల్ల మీద మరచెంబుకు ఆనించి, వెనక గదిలో బట్టలు మడతపెట్టుకుంటున్నాను. కోడలు ఆఫీసునుంచి వచ్చింది. బ్యాగు కింద పెట్టిన చప్పుడు. తర్వాత అడుగులు బల్ల దాకా వచ్చి ఆగాయి.

"నిన్నటి పప్పు నేను పారేయలేదండీ" అంది గాబరాగా. "ఫ్రిజ్‌లోనే పెట్టాను, చూడండి కావలిస్తే."

మనిషిని నేను ఈ గదిలో ఉన్నాను. ఆవిడ సంజాయిషీ చెప్పుకున్నది కాగితానికి.

చీర మడత చేతిలోనే ఉంచుకుని గుమ్మం దాకా వెళ్ళాను.

"ఏ గిన్నెలో పెట్టావు?" అన్నాను.

కోడలు ఉలిక్కిపడి నన్ను చూసింది, బల్ల వైపు చూసింది, మళ్ళీ నన్ను చూసింది. జవాబు ఎవరికి చెప్పాలో తేల్చుకోలేక అలాగే నిలబడింది.