గిల్లే ఆయమ్మ

మావాడి స్కూలు బస్సులో ఒక ఆయమ్మ ఉండేది. నిద్రపోయిన పిల్లల్ని గిల్లి లేపేది. బస్సు చిత్తూరు చేరేలోపు మావాడికి కునుకు తప్పదు, చేతిమీద ఎర్రటి గోటిగాటూ తప్పదు.

"ఏమ్మా, నువ్వు పిల్లల్ని కన్లేదా?" అని ఒకరోజు అడిగేశాను.

"నిద్రపోయినోడు సీటు కిందకి జారితే యాడ కనపడతాడమ్మా? ఏడ్సేవోడైతే ఆడుండాడని తెలుస్తాది," అనింది.

తల్లులందరం అర్జీ రాసి ఆమెను మాన్పించాం. మొదటి సంతకం నాదే. కొత్తగా వచ్చిన అమ్మాయి పిల్లలకు జోలపాటలు పాడేది. మంచి పిల్లను పంపావని కాణిపాకం స్వామికి కొబ్బరికాయ కొట్టాను.

ఎండలు ముదిరిన రోజుల్లో ఎదురింటి పాప వెనక సీటు కింద నిద్రపోయింది. ఎవరూ చూసుకోకుండా బస్సుకు తాళం వేశారు. సాయంత్రం తలుపు తీసేసరికి పాప ప్రాణం పోయి ఉంది. కబురు వినగానే, మావాడు కాదని ముందు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

మావాణ్ణి తీసుకుని వెళ్లేసరికి ఆ ఇంటి ముందు పాత ఆయమ్మ నిలబడి ఉంది. మావాడి చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"గాట్లన్నీ బాగా మానిపోయినాయమ్మా," అనింది.