సాయంత్రానికి నిలవని గొంతు

నేను డిప్లొమాలో చదివింది రేడియోల గురించి. ఉద్యోగం దొరికింది మనుషుల నరాల దగ్గర. నాంపల్లి స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక పెద్ద దవాఖానలో, నరాల విభాగం వెనక గదిలో, విదేశం నుంచి తెప్పించిన యంత్రం ఒకటి ఉండేది. దాన్ని నడపాలి, పాడైతే బాగు చేయాలి, తీసిన ఫిల్ములు కడిగి ఆరబెట్టి వరసగా అంటించాలి. ఈ మూడు పనులకూ కలిపి ఒక మనిషి కావాలన్నారు. యాభై ఆరులో రాజధాని కర్నూలు నుంచి మారినప్పుడు నాన్నగారి ఆఫీసు ఫైళ్లతోపాటే మేమూ హైదరాబాదు వచ్చాం. అప్పుడు నేను నిక్కర్లు వేసుకునేవాణ్ణి. ఉద్యోగంలో చేరేనాటికి ఇరవై నాలుగు నిండాయి. ఇల్లు దగ్గర, జీతం ఫరవాలేదు, యంత్రం కొత్తది. చేరిపోయాను.

ఆ యంత్రం చేసే పని చెప్పడానికి చాలా చిన్నది. రోగి మణికట్టు దగ్గర నరానికి వరసగా చిన్న చిన్న కరెంటు దెబ్బలు తగిలిస్తే, ప్రతి దెబ్బకూ చేతి కండరం ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటు తెర మీద ఒక కొండలా లేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కొండలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. మా డాక్టరుగారు వెతుకుతున్న జబ్బులో మాత్రం మొదటి కొండ కన్నా రెండోది, రెండోదాని కన్నా మూడోది పొట్టిగా వస్తాయి. నరం చెప్పిన మాట కండరానికి అందడం క్రమంగా తగ్గిపోతుందన్నమాట.

డాక్టరుగారు ఈ ఊరివారే. రోగులకు జబ్బు గురించి చెప్పే పద్ధతి ఆయనదే ఒకటి ఉండేది. "ఇంటికి ఒక చౌకీదారును పెట్టుకున్నం. వానికి జర దిమాగ్ ఖరాబైంది. దొంగలనిడిచి ఇంటోళ్లనే కొడుతుండు" అనేవారు. జబ్బుల నుంచి కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే నరమూ కండరమూ కలిసేచోట దెబ్బ తీస్తోందని అప్పుడప్పుడే కొందరు పరిశోధకులు అంటున్నారు. అందరూ ఒప్పుకోలేదు. ఆ చౌకీదార్లకు తర్ఫీదు ఇచ్చే చోటు ఛాతీ ఎముక వెనక, గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథి. దాన్ని కోసి తీసేస్తే కొందరికి నెమ్మదిగా నయమవుతోందని పై దేశాల పత్రికల్లో వస్తోంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎలా ఉన్నారు, ఒట్టి మందుల మీద ఉన్నవాళ్లు ఎలా ఉన్నారు అని పోల్చి చూడటం ఆయన పరిశోధన. ఆ పోలికకు కావలసిన కొండలు నేను ఫిల్ము మీదికి ఎక్కించేవాణ్ణి.

అలా పరీక్షకు వచ్చినవాళ్లలో ఒకామె అబిడ్స్ దగ్గర టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో వేరే ఊళ్లకు ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటరు. మెదక్ వాళ్లు. తండ్రి మిషన్ బడిలో మాస్టారుగా పనిచేసి పోయారు. తల్లీ కూతురూ చాపెల్ రోడ్డు వెనక గల్లీలో ఉండేవారు. పొద్దున్న డ్యూటీలో ఏ ఇబ్బందీ ఉండదట. మధ్యాహ్నం దాటాక కనురెప్పలు దిగుతాయి. సాయంత్రానికి మాట ముక్కులోంచి వస్తుంది, ఆ తరువాత అసలు రాదు. నిద్ర మొహమని పై అధికారి రెండుసార్లు మందలించాడు. కాల్స్ కలిపే బోర్డు మీంచి తీసేసి ఫైళ్ల దగ్గర కూర్చోబెడతానన్నాడు. చర్చి గానబృందంలో కూడా మూడో చరణానికి గొంతు జారిపోతోంది.

డాక్టరుగారు ఏం కావాలమ్మా అని అడిగితే ఆమె చెప్పిన జవాబు నేను యంత్రం వెనక నుంచి విన్నాను.

"నాకు పాట కావాలె సార్. నౌకరీ గూడ కావాలె గని, పాట ముందు."

పరీక్ష చేశాం. కొండలన్నీ ఒకే ఎత్తు. ఇంకోసారి రమ్మన్నాం. మళ్లీ అంతే. ఆమె చెప్పే లక్షణాలన్నీ ఆ జబ్బువే. కానీ మా ఎదుట కూర్చున్నప్పుడు కళ్లు విశాలంగా, గొంతు గంటలా ఉండేవి. ఆధారం లేకుండా ఆడపిల్ల ఛాతీ ఎముక కోయనని సర్జన్ ఖచ్చితంగా చెప్పేశారు. ఆయన తప్పేమీ లేదు. వార్డులో ఒకరిద్దరు ఇది మనసుకు సంబంధించిందనీ, పెళ్లి చేస్తే సర్దుకుంటుందనీ అన్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది. ఆ రోజు ఫిల్ము ఆరేదాకా కూడా ఆగకుండా వెళ్లిపోయింది.

అసలు సంగతి వాళ్లమ్మ టిఫిన్ డబ్బా మూత తీసినప్పుడు బయటపడింది. మరోసారి పరీక్ష అయ్యాక నేను ఫిల్ము ఆరబెట్టి వరండాలోకి వచ్చాను. తల్లి బెంచీ మీద కూర్చుని రొట్టె తుంచి కూతురికి పెడుతోంది. నాకూ ఓ ముక్క చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా. నిన్న పొద్దుగాల సంది ఇద్దరం ఉపాసమే. ఇదైతే నోరు గూడ ఇప్పలె."

నోరెందుకు విప్పలేదని అడిగాను. ఆమెకు నా ప్రశ్నే వింతగా తోచినట్టుంది. దవాఖానకు రావడమంటే ఆమెకు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లడం లాంటిదే. ముందురోజు నుంచీ ఉపవాసం, మౌనం, ప్రార్థన. డ్యూటీకి సెలవు. కూతుర్ని మంచం దిగనివ్వదు. తెల్లారి స్నానం చేయించి, ఉతికిన చీర కట్టించి, రిక్షాలో కూర్చోబెట్టి తీసుకొస్తుంది. ప్రతిసారీ అలాగే చేసింది.

ఇది వెంటనే వెళ్లి డాక్టరుగారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి వరండాలోకి వచ్చి, తల్లి ఎదుట నిలబడి, తల పట్టుకుని నవ్వారు. అలిసిన కండరంలో మాత్రమే కనిపించే జబ్బు అది. మా ఔట్‌పేషెంటు గది నడిచేది పొద్దున్నే. అందులోనూ ఒక పగలూ ఒక రాత్రీ విశ్రాంతి ఇచ్చిన కండరాన్ని తెచ్చి మా ముందు పెడుతోంది ఆ తల్లి.

"అమ్మా, నీ ప్రార్థన మా మిషన్‌ను ఓడగొట్టింది" అన్నారు.

తల్లి మొహం పాలిపోయింది. తన భక్తి బిడ్డకు చెరుపు చేసిందనుకుంది. ఆయన పక్కన కూర్చుని సముదాయించారు. ఈసారి డ్యూటీ దిగి నేరుగా రమ్మన్నారు. రిక్షా వద్దు, నడిచి రావాలి, దారి పొడుగునా మాట్లాడుతూ రావాలి. చెమటతో, మాసిన చీరతో దవాఖానకు రావడమనే ఆలోచన ఆ తల్లికి మింగుడుపడలేదు. చివరికి, డాక్టరయ్య చెప్పిండు గదా అని ఒప్పుకుంది.

ఆమె డ్యూటీ దిగి వచ్చే సాయంత్రం గది తాళాలు మా కోసమే తీయించారు. ఆమె గుమ్మంలోకి వచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు. రెప్పలు సగం మూసుకుపోయి, చూడటానికి తల వెనక్కి వంచుతోంది. దవడ జారకుండా కింద చేయి ఆనించుకుంది. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చాయి. యంత్రం పెట్టాను. తెర మీద కొండలు మెట్లలాగా కిందికి దిగాయి. ఆ మెట్లను చూసి నాకు సంతోషం కలిగింది. వెంటనే ఆమె మొహం చూశాను.

డాక్టరుగారు నియోస్టిగ్మిన్ సూది వేశారు. నరం మాటను కండరానికి కాసేపు గట్టిగా వినిపించే మందు అది. ముందు ఎడమ రెప్ప లేచింది, తరువాత కుడిది. మెడ నిలబడింది. చేతిని దవడ కింద నుంచి తీసేసింది. 

"గీ గదిల గింత వాసన ఎట్ల ఓర్చుకుంటున్నరు మీరు?" అంది నా వైపు తిరిగి.

ఫిల్ములు కడిగే మందు వాసన. ఆ గొంతు లోతుగా, ఎక్కడా చిరుగు లేకుండా ఉంది. ట్రంకు లైన్ల మీద ఊళ్లు దాటి వెళ్లడానికి పుట్టిన గొంతు.

మందు పని ఎప్పటిదాకా ఉంటుందో, ఏ కండరం ముందు జారుతుందో చూసి రమ్మని డాక్టరుగారు నన్ను వాళ్లతో పంపించారు. తల్లి ముందు నడిచింది. మేమిద్దరం వెనక. స్టేషన్ రోడ్డు మీద బస్సులు, ఆటోలు, ఇరానీ హోటలు ముందు నిలబడి టీ తాగేవాళ్లు. వాటన్నిటి మధ్య ఆమె ఆపకుండా మాట్లాడింది. మందు దిగేలోపు చెప్పగలిగినన్ని మాటలు చెప్పేసింది. ట్రంకు కాల్ కోసం తిట్టే మార్వాడీ సేట్లు, పక్క బోర్డు ఆపరేటరు నిద్రలో కూడా నంబర్లు అడగడం, మెదక్‌లో నాన్న హార్మోనియం. నా మాట తీరును కూడా వదల్లేదు.

"అందర్నీ అండీ అంటరు. మీ మిషన్‌ను గూడ అండీ అంటరా?"

"పాడైతే అంటానండి" అన్నాను.

ఆమె నవ్వింది. చర్చి గోడ దగ్గరికి వచ్చాక, ఎవరూ వినడం లేదని చూసుకుని, ఒక కీర్తన సన్నగా ఎత్తుకుంది. రెండో చరణం సగంలో గొంతు ముక్కులోకి జరిగింది. ఆపేసింది. చేతిని గాలిలో తిప్పి, అయిపోయిందని సైగ చేసింది.  ఇంటికి వచ్చి, నేను చూసినవి రాయడానికి కూర్చున్నాను. ముందు ఎడమ రెప్ప. తరువాత గొంతు. తరువాత మెడ. అంతకన్నా రాయడానికి ఏమీ తోచలేదు.

అలాంటి సాయంత్రాలు మరికొన్ని వచ్చాయి. మందు మోతాదు సరిచూడడానికి వచ్చినవి. మిగతా రోజుల్లో నేను వాటి కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సాంకేతిక పుస్తకాలు తిరగేస్తూ ఉంటే, పోస్టాఫీసు అవతల ఆ ఎక్స్ఛేంజీ వైపుకే కళ్లు వెళ్లేవి. మా మతాలు వేరు, ఊళ్లు వేరు. మా అమ్మకు చెప్పగలిగే మాట కాదు. వాళ్లమ్మకూ కాదు. అయినా అది కాదు నన్ను బాధపెట్టింది. ఆమె నాతో మాట్లాడే ప్రతి మాటా సూది నుంచి అరువు తెచ్చుకున్నదే. అది అరువు కాకుండా, తీరిగ్గా, ఏ తొందరా లేకుండా ఆమె మాట్లాడితే వినాలని ఉండేది.

సర్జన్ ఫిల్ములు చూసి ఒప్పుకున్నారు. డాక్టరుగారు తల్లికీ కూతురికీ దాపరికం లేకుండా చెప్పారు. ఆపరేషన్ తరువాత ఊపిరి కండరాలు మొరాయించవచ్చు. మెషీన్‌తో ఊపిరి ఇవ్వాల్సి రావచ్చు. బతికి బయటపడినా గుణం కనిపించడానికి నెలలు పట్టవచ్చు, కనిపించకపోనూవచ్చు. తల్లి నిర్ణయం కూతురికే వదిలేసింది.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆమె నన్ను అడిగింది.

"మీరైతే కోయించుకుంటరా?"

నాకు తెలిసినవన్నీ వరసగా చెప్పాను. వయసు తక్కువ కావడం మంచిది. జబ్బు మొదలై ఎన్నో ఏళ్లు కాకపోవడం మంచిది. మన దగ్గర ఇంతవరకూ చేయించుకున్నవాళ్లు...

"లెక్కలొద్దు. మీరు చెప్పున్రి."

"మీ గొంతు సాయంత్రం కూడా వినాలని ఉందండి" అన్నాను.

 మందు అప్పటికి దిగలేదు. మాట్లాడగలిగి కూడా ఆమె ఇల్లు వచ్చేదాకా ఊరుకుంది.

ఆపరేషన్ జరిగింది. ఛాతీ ఎముకను నిలువునా రంపంతో విడదీసి ఆ గ్రంథిని తీసేశారు. గాజు పళ్లెంలో చూశాను. కొవ్వు ముద్దలా, దేనికీ కొరగానిదానిలా ఉంది. భయపడ్డట్టే రెండో రోజుకు ఊపిరి బలహీనపడింది. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఊపిరి యంత్రం చూసుకోమని నన్ను పిలిచారు. దాని కవాటం ఒకటి బిగుసుకుంటూ ఉండేది. ఊడదీసి తుడిచి పెట్టేవరకూ నర్సు రబ్బరు సంచి నొక్కేది. ఆమె కళ్లు నా చేతుల మీదే ఉండేవి. గొట్టం ఉన్నంతకాలం ఆ గొంతులోంచి ఏ శబ్దమూ రాలేదు. అది ఎప్పటికీ అలాగే మిగిలిపోతుందేమో, నేనన్న మాట వల్లనే ఆమె ఒప్పుకుందేమో అన్న ఆలోచన కవాటం తుడుస్తున్నంతసేపూ నన్ను వదల్లేదు.

గొట్టం తీశాక మొదటి మాట వాళ్లమ్మతో మాట్లాడింది. నేను అప్పుడు లేను.

గుణం ఒక్కసారిగా రాలేదు. ఎండాకాలం పోయి వానలు వచ్చాయి. ఆమె మెదక్ వెళ్లి కోలుకుని తిరిగి వచ్చింది. మాత్రలు కొంచెం కొంచెం తగ్గించారు. సాయంత్రపు పరీక్షల్లో మెట్లు నెమ్మదిగా చదునయ్యాయి. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి, సూది లేకుండా, డాక్టరుగారు ఆపమనేదాకా బైబిలు చదివింది. గొంతు కదల్లేదు. ఆయన ఎంతో సంతోషపడ్డారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల పట్టికలో ఆమె పేరు ఎదురుగా 'మెరుగు' అని రాశారు. ఇక మాటిమాటికీ రానక్కర్లేదన్నారు.

ఆమె వెళ్తూ, ఆదివారం సాయంత్రపు ఆరాధనలో పాడుతున్నానని నాకు చెప్పింది.

వెళ్లాను. లోపలికి వెళ్లడానికి సంకోచించి గేటు పక్కన నిలబడ్డాను. పాట మొదలైంది. నేను ఆ గొంతును ఎక్కడైనా పట్టగలననుకున్నాను. ముక్కులోకి జరిగే ముందు అది ఎలా పలచబడుతుందో, ఏ అక్షరం దగ్గర ముందు తడబడుతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మొదటి చరణం వెళ్లింది, రెండోది వెళ్లింది. మూడో చరణంలో ఊపిరి బిగబట్టి విన్నాను. ఎవరూ తడబడలేదు. పదిహేను మంది గొంతులు కలిసి ఒకటే గొంతులా వచ్చాయి. అందులో ఆమెది ఏదో నాకు దొరకలేదు.

ఆరాధన అయ్యాక జనం బయటికి వచ్చారు. తల్లి ముందుగా నన్ను చూసి చేయి ఊపింది. కూతురు నా దగ్గరికి వచ్చింది.

"వినవడ్డదా నా గొంతు?"

"వినబడిందండి" అన్నాను.

ఆమె తృప్తిగా తల ఊపింది. ఎవరో పిలిస్తే అటు తిరిగి, వాళ్లతో తీరిగ్గా మాట్లాడుతూ నిలబడింది.