టైలరమ్మ కట్టిన దారం

అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు ఫోన్లో మాట్లాడుతూ వెనకగోడ మూలకు వెళ్లి, వచ్చేటప్పుడు ఒక బూటుతో వచ్చారు. రెండోది బురదలో ఉండిపోయింది. ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. నీటి పన్ను గురించి చివరిదాకా మాట్లాడి, ఆ తర్వాతే బూటు కోసం మనిషిని పంపారు. సాయంత్రానికల్లా ఆ మూలంతా సిమెంటు చేయించాలని తీర్మానం రాసేశారు.

ఆ మూల మా మేనత్తది. కాగితాల ప్రకారం కాదు, పన్నెండేళ్ల చాకిరీ ప్రకారం. జిప్పులు మార్చి, అంచులు కుట్టి పెట్టే ఆవిడని అందరూ టైలరమ్మ అంటారు. డాబా మీది నీళ్లన్నీ దిగే ఆ చిత్తడిలో ఏ గులాబీ పెట్టినా వేరు కుళ్లి చచ్చేది. అత్తయ్యకు రోషం వచ్చింది. కాలువ గట్లన్నీ తిరిగి, తడిలోనే పుట్టి తడిలోనే బతికే మొక్కల్ని దుంపలతో సహా తెచ్చి పాతింది. వానలు పడితే ఊదా, పసుపు, తెలుపు విరగబూసేవి. పూత అయ్యాక పైనంతా వాడి రాలిపోయి, మట్టి కింద దుంపలు మాత్రం మళ్లీ వానలదాకా నిద్రపోయేవి. చూసేవాళ్లకు వట్టి బురద. అందుకే ఆవిడ దుంపలున్న వరసల పొడుగునా పుల్లలు గుచ్చి, ఏ రంగు పూలకు ఆ రంగు కుట్టుదారం కట్టేది.

తీర్మానం తెలిసి అత్తయ్య సెక్రటరీగారి గుమ్మంలో నిలబడింది. దుంపలు తీసి గోడ అవతల పెట్టుకునేదాకా వారం ఆగమంది. ఆయన సరేనన్నారు. పని ఒప్పుకున్న మేస్త్రికి కూడా చెప్పారు: "దారం చూసుకుని తవ్వు."

మేస్త్రి మూడో రోజే వచ్చాడు. పుల్లల మధ్య దారం కడితే మేస్త్రీల లెక్కలో దానికి ఒకటే అర్థం. ఈ కొలతలు ఎవరివని నన్నడిగాడు. టైలరమ్మవన్నాను. ఆవిడ కొలత తప్పదని, అడక్కపోయినా, నేనే చెప్పాను.

బొత్తాలు కొనుక్కుని అత్తయ్య వచ్చేసరికి ముక్కలైన దుంపలు కుప్పగా పడి ఉన్నాయి.

"దారం వెంటే తవ్వానమ్మా. అంగుళం పక్కకు పోలేదు," అన్నాడు మేస్త్రి, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

అత్తయ్య మొహం కందగడ్డ అయింది. మేస్త్రిని దాటుకుని తిన్నగా సెక్రటరీగారి తలుపు బాదింది. ఆయన, వట్టి బురదే కదమ్మా, కావాలంటే నర్సరీలో కొత్త మొక్కలు కొనిస్తానన్నారు.

"పన్నెండేళ్లు ఓపిక పట్టినదాన్ని నాయనా. నిన్ను అడిగింది వారం," అంది. నావైపు చూసిన చూపుకు నేను రెండ్రోజులు వాళ్లింటి ఛాయలకు పోలేదు. రిపేరుకిచ్చిన సెక్రటరీగారి ప్యాంటుకు పాత జిప్పు విప్పేసి, కొత్తది వెయ్యకుండా, చక్కగా ఇస్త్రీ చేసి వెనక్కి పంపింది.

సిమెంటు ఆరింది. మొదటి పెద్దవానకు డాబా మీది నీళ్లు ఇంకే చోటు లేక, నున్నటి గచ్చు మీద జారి, కింది వాటాలో ఉండే సెక్రటరీగారి పడకగదిలోకి వెళ్లాయి. ఆయన ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, చేత చీపురుతో మా అత్తయ్య దగ్గరికి వచ్చారు.

"ఆ పిచ్చి మొక్కలున్నన్నాళ్లూ ఒక్క చుక్క లోపలికి రాలేదు టైలరమ్మగారూ, ఇప్పుడేమో నీళ్లు మంచం కిందికి వచ్చేశాయి."

అత్తయ్య మిషను ఆపలేదు.

"పిచ్చివి పోయి తెలివైన సిమెంటు వచ్చిందిగా నాయనా, వెళ్లి దాన్నడుగు."