తోల్కపోవడం మీద శాంతి చర్చలు

ఈ సాయంత్రం మా నాచారం ఇంట్లో శాంతి చర్చలు జరిగాయి. నిజానికి అవి టీవీలో జరగాలి. ఒక విదేశాంగ మంత్రిగారు పగలు దేశాల తగవులు, రాత్రి తన పిల్లల తగవులు తీర్చే డబ్బింగ్ సీరియల్ అది. కాకినాడ మనిషైన మా అత్తగారు, జనగామ నుంచి వచ్చిన మా అమ్మ ఒకే దివాన్ మీద కూర్చుని చూస్తున్నారు.

ప్రకటనలు రాగానే అమ్మ అంది: "వదినా, నా బిడ్డను జర నాలుగు రోజులు మా ఇంటికి తోల్కపోత."

అత్తగారి మొహం మాడిపోయింది. "తోలుకుపోవడానికి అదేమన్నా గేదా వదినగారూ? కూతురిలా చూసుకుంటున్నాను దాన్ని!"

"అయ్యో, నేను బర్రె అన్ననా?" అంటూ అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా ఆయన తటస్థ దేశంలా వంటింట్లోకి తప్పుకున్నాడు.

నేనే దుబాసీనయ్యాను. మా వైపు, మనిషిని ప్రేమగా వెంటబెట్టుకెళ్ళడాన్నే తోల్కపోవడం అంటారని, గేదెలకు సంబంధం లేదని చెప్పాను. సీరియల్ మళ్ళీ మొదలైంది. టీవీలో మంత్రిగారు ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు. అప్పుడు అత్తగారు టీవీ వైపే చూస్తూ అన్నారు: "మీ ఊరు నేనింతవరకూ చూడలేదు వదినగారూ. తోలుకెళ్ళేదేదో నన్ను కూడా తోలుకెళ్ళండి."

ప్రత్యేక రాష్ట్రం సంగతి ఢిల్లీలో ఎప్పుడు తేలుతుందో గానీ, రేపు పొద్దున ముగ్గురం ఉప్పల్‌లో బస్సెక్కుతున్నాం. తటస్థ దేశం నాలుగు రోజులు తన వంట తనే వండుకోవాలి. మీ ఇళ్ళలోనూ ఇలాంటి మాటలుంటే రాయండి, దారి పొడవునా దుబాసీ ఖాళీయే.