అద్దెకు మంచాలు

నాచారంలో మేం పనిచేసే ప్లాస్టిక్ కంపెనీ మూతపడ్డాక, నేనూ నాతో పదకొండేళ్లు ఒకే షిఫ్టులో మిషన్ నడిపిన స్నేహితుడూ సొంతంగా ఏదైనా పెడదామనుకున్నాం. అతనికి దోసెల పిండి వ్యాపారం మీద మనసు. హబ్సిగూడ హాస్టళ్లన్నీ తిరిగి, పిల్లలు పొద్దున ఏం తింటారో కనుక్కుని వచ్చాడు. నాకు నచ్చలేదు. ఆ సందుల్లో పిండి అమ్మేవాళ్లు అప్పటికే చాలామంది ఉన్నారు.

మా నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు ఆస్పత్రి మంచం కోసం ఉప్పల్ అంతా తిరిగాం, దొరకలేదు. అతనికి ఆ సంగతి చెప్పి, తలవైపు పైకి లేచే మంచాలు, ఆక్సిజన్ మిషన్లు ఇళ్లకు అద్దెకిద్దామన్నాను.

"నడుస్తదన్నా. గని మనకు గిరాకీ అంటే ఇంకొకళ్ల ఇంట్ల కష్టమే గదా."

ఆ కష్టం మనం తెచ్చింది కాదు కదా అన్నాను. ఒప్పుకున్నాడు.

వ్యాపారం బాగానే సాగింది. మంచం దింపడానికి వెళ్తే మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టేవాళ్లు. వెనక్కి తెచ్చుకోవడానికి వెళ్తే మా మొహం చూసేవాళ్లు కాదు. చెంగిచెర్లలో ఒకావిడ పరుపు మీద చెయ్యి వేసి కాసేపు ఆగమంది. ఆగాం. తిరిగొచ్చిన ప్రతి మంచాన్నీ అతనే కడిగేవాడు. నేను ఫోన్లు చూసుకునేవాణ్ని.

నాలుగో ఏడు అతని ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇక ఇంటికి తీసుకెళ్లండని డాక్టర్లు చెప్పేశారు. ఉన్నవాటిలో కొత్తగా కనిపించే మంచం ఆటోట్రాలీలో వేసుకుని నారపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. పడుకుంటే ఊపిరాడక వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మన మంచం వద్దన్నా," అన్నాడు. "దేని మీద ఎవలు వోయిన్రో నాకెరుకే. కడిగింది నేనే గదా."

ఇది ఎవరూ వాడనిదన్నాను. అబద్ధమని అతనికి తెలుసు. తల పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు బోడుప్పల్‌లో వేరేవాళ్ల దుకాణానికి వెళ్లి నా పేరు మీద ఒకటి అద్దెకు తీసుకున్నాను. ఎన్ని రోజులకు కావాలని కౌంటర్‌లో ఉన్నామె అడిగింది. నేనూ రోజూ అందరినీ అడిగే మాటే. నెలకని రాయించాను.

పదహారు రోజులున్నాడు.

అతని బదులు మా వ్యాపారంలో ఉండమని అతని భార్యను అడిగాను. ఆమె వద్దంది. ఉప్పల్‌లో ఒక బడిలో ఆయాగా చేరింది. వ్యాపారం ఇంకా నడుస్తోంది.