కదపకూడని పైసలు

నా పేరు గట్టు రాజవ్వ. వయసు డెబ్బై దాటింది. ఆధార్ కార్డు చూసి మా వాడకట్టు టీచరమ్మ డెబ్బై నాలుగని రాసుకుంది, కానీయండి. గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు మట్టిగుట్టల పక్క బస్తీలో, రేకుల ఇంట్లో ఉంటాను. ఇంట్లో నేను, బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయిన నా మొగుడు. మా గోడకు ఆనుకుని ఇంకో గది ఉంది. అందులో నా మరిది భార్య, అంటే నా తోడికోడలు ఉండేది. పోయిన నెల ఆమె చనిపోయింది.

ఆ కబురు నాకు ఫోన్‌లో వచ్చింది. పొద్దున ఆటోలో ఆమెను దవాఖానకు తీసుకుపోయింది నా మొగుడే. “మరదలు పోయిందే” అన్నాడు. ఆమె కోసం కాచిన జావ గిన్నె నా చేతిలోనే ఉంది.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే టీచరమ్మ రాస్తోంది. “గిది యాదికి రాసుడా, దరఖాస్తా అవ్వా?” అని అడిగింది. “రెండూ అనుకో బిడ్డా, రాయి” అన్నాను. చదివేవాళ్లు కూడా రెండూ అనుకోండి.

మా మరిది చిన్న వయసులోనే జ్వరమొచ్చి పోయాడు. అప్పటికి ఆమెకు చంకలో ఒక ఆడపిల్ల, తల్లిగారు తోలిన ఒక బర్రె. పుట్టింటికి పోతుందనుకున్నాం. పోలేదు. మా గోడ పక్కన గుంజ పాతి బర్రెను కట్టేసింది. ఆ ఒక్కటి మూడయ్యాయి. ఆ మూడింటితోనే పిల్లను నర్సు చదివించింది. పెండ్లీ వాటి మీదే చేసింది.

ఫస్టు షిఫ్టుకు పోయేవాళ్ల ఇళ్లకు ముందు పాలు పోసేది. డ్యూటీకి పోయే మనిషి చాయ్ తాగకుండా బాయిలోకి దిగకూడదని ఆమె పట్టు. మా దగ్గర గాలిలో బొగ్గు ఉంటుంది. బర్రె ఒంటి మీద, పొదుగు మీద, గడ్డి మీద అంతా నలుపే. పొదుగు కడిగి, తుడిచి, మళ్లీ కడిగి పిండేది. పాలు వడబోసిన గుడ్డను ఎండలో ఆరేస్తే మసిగుడ్డలా ఉండేది. పాలు మాత్రం తెల్లగా ఉండేవి. “ఎందుకే గింత కడుగుడు, కాగితే అన్నీ పోతయ్” అంటే, “నీ ఇంట్ల ముసలోడు తాగుతడు, ఆయన ఊపిరితిత్తులల్ల ఉన్నది సాలదా అక్కా, పాలల్ల గూడ పొయ్యాల్నా?” అనేది.

మా ఇద్దరికీ పోట్లాటలు తక్కువేం కాదు. దాని పెద్ద బర్రె నా బీరతీగ మొత్తం నమిలిన రోజు నేను బస్తీ అంతా వినేలా తిట్టాను. ఆమె తలకాయ వంచుకుని విన్నది. సాయంత్రం గిన్నెడు జున్ను తెచ్చి నా గడపలో పెట్టి, “నీ బీరతీగనే ఇట్ల మారొచ్చిందక్కా, తిను” అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టని లోపలికి పోయాను.

ఆమె ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. నాకు ఆమెలో నచ్చినది ఇది, నచ్చనిదీ ఇదే.

కూతురు నర్సుగా పరాయి దేశం పోయింది. ఆ దేశం పేరు నాకు నోరు తిరగదు. అక్కడ అల్లుడు రోడ్డు మీద బండి గుద్ది పోయాడు. పిల్లకు ఒక చిన్న పాప. రాత్రి డ్యూటీ పడితే పాపను చూసేవాళ్లు లేరు. అందుకని డ్యూటీలు తగ్గించుకుంది. “అమ్మా, నువ్వు వచ్చి నా దగ్గరనే ఉండు, శాశ్వతంగా ఉండేటట్టు వీసా పెడ్త” అంది. మా తోడికోడలు పాపను ఫోన్‌లోనే చూసింది. ఆ పాప ఫోన్ అద్దాన్ని నాకేది, ఈమె ఇటు నుంచి చెంప ఆనించేది.

ఇక అక్కడ మొదలైంది. వచ్చే మనిషి ఆ దేశం సర్కారు మీద పడి తినదని, తన తిండి తనకుందని రుజువు చూపించాలట. కూతురి జీతం చాలదన్నారు. ఎందుకు చాలదు? డ్యూటీలు తగ్గించుకుంది కాబట్టి. ఎందుకు తగ్గించుకుంది? పాపను చూడ్డానికి తల్లి లేదు కాబట్టి. తల్లి ఎందుకు లేదు? జీతం చాలదు కాబట్టి. దీన్ని ఎవరు రాశారో కానీ, ఆ మనిషి ఇంట్లో చంటిపిల్ల ఎప్పుడూ ఏడ్చి ఉండదు.

తక్కువ పడ్డదాన్ని తల్లి ఆస్తితో పూడ్చవచ్చన్నారు. సరేనని ఇద్దరం బస్సెక్కి పెద్దపల్లి పోయాం, ఆస్తి కాగితం రాయించుకోవడానికి అక్కడి ఆడిటరు దగ్గరికి. చక్కటి చల్లటి గది. మా కాళ్ల బొగ్గు దుమ్ము ఆయన నున్నటి బండల మీద అచ్చులు పడుతుంటే ఆయన వాటినే చూశాడు.

“ఇల్లు ఎవల పేరు మీద ఉందమ్మా?”

“ఎవల పేరు మీద లేదు సారూ. సర్కారు జాగ.”

“మరి ఆస్తి ఏమున్నది?”

“మూడు బర్లున్నయ్. రెండు పాలిస్తయ్, ఒకటి చూలు కట్టింది.”

ఆయన పెన్ను కింద పెట్టాడు. “బర్లు ఆస్తి కింద రాయరాదమ్మా. బ్యాంకుల పైసలుండాలె.”

నాకు ఒళ్లు మండింది. “ఆస్తి కాకపోతే ఏంది సారూ, సుట్టాలా?” అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది కానీ రాయలేదు. “అమ్మి బ్యాంకుల ఏయుండ్రి. గప్పుడు రాస్త” అన్నాడు.

తిరుగు బస్సులో ఆమె వేళ్ల మీద ఏదో లెక్క కట్టుకుంటూ కూర్చుంది. దిగేటప్పుడు అంది: “పాప కోసం అక్కా. బర్లు మల్ల కొంటం.”

బేరగాడు ఇంటికే వచ్చాడు. మా దిక్కు పశువుల బేరం నోటితో చేయరు. చేతుల మీద తువ్వాల కప్పి కింద వేళ్లు పట్టుకుంటారు. ఏ వేలు పడితే ఎంతో ఆ ఇద్దరికే ఎరుక, చూసేవాళ్లకు తెలియదు. ఆడమనిషి తువ్వాల కింద చెయ్యి పెట్టిందని పక్కింటి మల్లేశం పరాచికమాడాడు. “వదినే, పైనుంచి అన్న సూస్తె ఊకుంటడా?”

“మీ అన్న ఉన్నప్పుడు గూడ బేరం నేనే చేసిన. అవుతలికి జరుగు, ఎండ తగలనియ్యి” అంది.

రెండుసార్లు చెయ్యి లాక్కుంది, మళ్లీ పెట్టింది. మూడోసారి తువ్వాల కదలలేదు. అయిపోయింది. ఎంతకు అమ్మిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగడం మర్యాద కాదు. పెద్ద బర్రె మూలమలుపు దాకా పోయి వెనక్కి తిరిగి నిలబడింది. బేరగాడు తోక మెలిపెట్టాడు. ఆమె ఇంట్లోకి పోయి పేడకడి ఎత్తి కుప్పలో వేసి చేతులు కడుక్కుంది. ఆఖరి పేడ అదే.

పైసలు బ్యాంకులో పడ్డాయి. ఆడిటరు కాగితం రాశాడు. హైదరాబాదులో ఇంటర్వ్యూకు నేనూ వెంట పోయాను. నన్ను లోపలికి రానీయలేదు. బయట ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. ఆమె నీలం నేత చీర కట్టుకుని, దస్తావేజుల సంచి గుండెలకు హత్తుకుని లోపలికి పోయింది. వచ్చేసరికి మొహంలో ఏదో నవ్వు. వీసా అయిందనుకున్నాను.

“ఏమడిగిండే?”

“గిన్ని పైసలు ఒక్కసారే యాడికెల్లి వచ్చినయ్ అన్నడు. బర్లమ్మిన అన్న. అమ్మినట్టు కాగితమేది అన్నడు. తువ్వాల సంగతి చెప్పిన. ఆయన మాట మార్చి చెప్పే పిల్ల ఉన్నది, ఆ పిల్లకు గూడ సమజ్ కాలే.”

“ఇంకా?”

“ఇప్పుడు నెలకు నీకేం ఆమ్దానీ వస్తది అన్నడు. ఏం రాదు సార్ అన్న. ఎందుకు రాదు అన్నడు.” ఇక్కడ ఆమె గట్టిగా నవ్వింది. ఫుట్‌పాత్ మీద పోయేవాళ్లు తిరిగి చూశారు. “బర్లమ్మిన గద సార్ అన్న!”

నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లు తనను, పిల్లను, సగం బస్తీ చాయ్‌ను నిలబెట్టిన మూడు బర్రెలు ఆస్తి కాదన్నారు. వాటిని పైసలు చేస్తే, నెలనెలా తిండి ఎక్కడిదన్నారు. తన కాళ్ల మీద తను నిలబడ్డట్టు చూపించమని ఆ కాళ్లే నరికించారు. ఇది నేను ఎవరి ముందైనా అంటాను, రాయి టీచరమ్మా.

అమ్మిన రుజువు తెచ్చి పంపమని కాగితమిచ్చి పంపారు. ఫైసలా అయ్యేదాకా బ్యాంకులో పైసలు తగ్గకుండా చూసుకోమని కూతురు ఫోన్ చేసింది. “పాకెట్ పాలకు గూడ అండ్లకెల్లి తియ్యకు అమ్మా, తక్కువైతే మల్ల అడుగుతరు” అని పిల్ల భయం పిల్లది. అంతే, ఆ పైసలు దేవుడి గదిలో పటమైపోయాయి. చూడటమే, ముట్టుకునేది లేదు.

చేతిలో నాలుగు రూపాయలకు పొద్దంతా ఇండ్లల్లో గిన్నెలు తోమడానికి పోయింది. ఏ ఇండ్లల్లో? తను పాలు పోసిన ఇండ్లల్లోనే. ఇంట్లో నల్ల చాయ్ తాగేది. నేను పాలు పోసిన చాయ్ తీసుకుపోతే గిన్నె వెనక్కి జరిపింది. “నువ్వు పోస్తే తాగి, నా కాళ్ల మీద నేనున్న అని ఎట్ల సంతకం పెడ్తనక్కా?”

“సంతకం పెట్టేది కాగితం మీదనే, నీ కడుపు మీద గాదే!”

“రెండూ ఒక్కటే ఉండాలె” అంది. మొండి మనిషి.

బేరగాణ్ని పట్టుకుంటే, కాగితాలు తన పని కాదని, పెద్ద బర్రెను మంథని దిక్కు ఒక పల్లెలో రైతుకు అమ్మానన్నాడు. ఇద్దరం ఎండలో పోయాం. ఆ రైతు మంచివాడే. తల పట్టుకుని కూర్చున్నాడు. “అవ్వా, ఇది పాలు ఆపుకుంటున్నది. చేపుతలేదు. దాణా మార్చిన, మందు పోసిన.” మా తోడికోడలు ఏం మాట్లాడకుండా కొంగు నడుముకు దోపి బర్రె పక్కన కూర్చుంది. దాని పొట్టకు చెంప ఆనించి, ఎప్పటిలాగే గొంతులో ఏదో గొణిగింది. పాలు బొళబొళా దిగాయి. రైతు భార్య పరుగున ఇంకో గిన్నె తెచ్చింది.

రైతు బర్రెను కొన్నట్టు కాగితం మీద వేలిముద్ర వేశాడు. చెంబు నిండా పాలు ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు. “అమ్మినంక నాయి గావు బిడ్డా” అంది. వస్తూ వస్తూ ఆ ఇంట్లో కూడా నల్ల చాయే తాగింది.

కాగితం ఫోటో కూతురి ద్వారా పంపించాం. జవాబు రాలేదు. ఎదురుచూస్తున్న రోజుల్లోనే ఆమెకు ఛాతీలో నొప్పి మొదలైంది. “నడువే, పెద్ద దవాఖానకు పోదాం, పరీక్షలు చేపిద్దాం” అన్నాను. “పైసలైతయ్. బ్యాంకులకెల్లి తీస్తె తక్కువైతది” అంది. “నేను పెడ్త.” “వద్దు.” “నీ అవ్వ, ఇది అప్పు గాదే, ఇది నీ పానం!” అని అరిచాను. “ఫైసలా అయినంక పోదామక్కా. ఇంకెన్ని దినాలు.” ఆ పొద్దున పొర్లి పడిపోయాక గానీ ఆటో ఎక్కించనీయలేదు.

డాక్టరు గుండె అని రాశాడు. ఆయన చూసింది ఆయన రాశాడు.

పైసలు అలాగే ఉన్నాయి. ఒక్క రూపాయి తగ్గలేదు. చూసుకోండి. పాపను వదిలి రాలేక కూతురు తల్లిని మట్టి చేయడం ఫోన్‌లోనే చూసింది. దరఖాస్తు పెట్టిన మనిషి చనిపోయిందని అక్కడికి రాస్తే, చనిపోయినట్టు రుజువు పంపమన్నారట. పంపాం. ఆ ఒక్క రుజువు మాత్రం చాలింది వాళ్లకు. వెంటనే ఒప్పుకున్నారు.

నా దావా ఇంతే. ఆమె ఫైలు మీద తన తిండి తనకున్నట్టు చూపించలేకపోయిందని ఎవరూ రాయకూడదు. ఆమె ఎవరికీ బరువు కాలేదు. నాకు కూడా కాలేదు. కానిస్తే బతికేది.

పెద్దకర్మ రోజు కాకిపిట్టకు పెట్టడానికి పరమాన్నం వండాలి. పాకెట్ పాలు తెచ్చి పెట్టుకున్నాను. కత్తెర పట్టుకుని కూర్చున్నాను, కోయబుద్ధి కాలేదు. అప్పుడు గుమ్మంలో ఆ మంథని దిక్కు రైతు నిలబడ్డాడు. చేతిలో క్యాను. కబురు ఎవరో చెప్పారట, ఫస్టు బస్సుకు వచ్చాడు.

“ఇవి ఆ పెద్ద బర్రె పాలే అవ్వా. ఆ రోజు వద్దన్నది. ఇయ్యాల వద్దనదు గద” అన్నాడు.

పాలు బొగ్గుల పొయ్యి మీద పెట్టాను. పక్కనే కూర్చున్నాను. గోడ అవతల ఖాళీ గుంజలు కనిపిస్తున్నాయి. పాలు అంచుదాకా లేచాయి, తెల్లగా, ఒక్క నలుసు లేకుండా. దించాలని తెలుసు. చెయ్యి లేవలేదు. పొంగి, గిన్నె చుట్టూ జారి, ఎర్రటి బొగ్గుల మీద పడి సుయ్యిమన్నాయి.

చదివి వినిపించగా విన్నాను. నేను చెప్పినదే ఉంది.

గట్టు రాజవ్వ, ఎడమ బొటనవేలి ముద్ర.

చూసినవాళ్లు: పక్కింటి మల్లేశం; రాసిన టీచరమ్మ సుగుణ; మంథని దిక్కు నుంచి వచ్చిన రైతు ఓదెలు, అతనిదీ వేలిముద్రే.